పాత లా స్కాలా స్పీకర్ల జతను ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్‌లో ఆరేళ్ళ కిందట ఒక ఎస్టేట్ సేల్‌లో 70ల నాటి క్లిప్ష్ కంపెనీ లా స్కాలా హార్న్ స్పీకర్ల జత కొన్నాను. నిండా దుమ్ము, వెనక ఎలుక పెంటికలు, ఒకవైపు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న యూనిట్) మూగ. బాగుచేశాక ఫొటోలు నలుగురికి పంపిన పాపానికి, అప్పటి నుంచి ఫోన్లో, భోజనాల దగ్గర, ఒకసారి గుడి పార్కింగ్ లాట్‌లో కూడా అవే సందేహాలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకోలేదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సోల్డరింగ్ నలభై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి ఇక్కడున్నవన్నీ మామూలు మనిషి చేయగలిగే పనులే.

## కొనే ముందు

హార్న్ స్పీకరంటే మన ఊరి మైక్ సెట్ గొట్టమేగా? అది ఇంట్లో పెట్టుకుని వినగలమా?

సూత్రం అదే. చేతులు రెండూ గొట్టంలా నోటికి పెట్టుకుని కేకేస్తే చెరువు అవతలి గట్టు దాకా వినపడుతుంది కదా, హార్న్ చేసేదీ అంతే. చిన్న పొర కదిలితే దాని ముందున్న గాలి ఊరికే పక్కలకు తప్పుకుంటుంది. సన్నగా మొదలై మెల్లగా వెడల్పయ్యే గొట్టం ఉంటే గాలికి పట్టు దొరుకుతుంది, ఆ కొద్ది కదలికే పెద్ద శబ్దంగా బయటికొస్తుంది. ఊరి గొట్టం చెవులు చిల్లులు పడేలా మోగడానికి కారణం హార్న్ కాదు. దాన్ని మాట వినపడటం కోసమే చేస్తారు, పైగా మైక్ సెట్ అబ్బాయి ఆంప్లిఫయర్‌ను చివరి దాకా తిప్పేస్తాడు.

లా స్కాలాలో మూడు హార్న్‌లు ఉంటాయి. కింద బేస్ పలికే 15 అంగుళాల వూఫర్‌కు మడతలు పడిన చెక్క హార్న్, పైన మధ్యస్థాయికి పొడుగాటి లోహపు హార్న్, దాని పక్కన చిన్న ట్వీటర్ హార్న్. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 104 డెసిబెల్ అని కంపెనీ లెక్క. మామూలు ఇంటి స్పీకర్లు 90 దగ్గర ఆగిపోతాయి. 14 డెసిబెల్ తేడా అంటే అదే శబ్దానికి పాతిక రెట్లు తక్కువ కరెంటు చాలని అర్థం.

ఈ పేరేంటి, ఇటలీ స్పీకర్లా?

కాదు. పేరు మాత్రమే మిలాన్ ఒపేరా హాలుది. ఇవి అమెరికాలో ఆర్కెన్సా రాష్ట్రం హోప్ అనే చిన్న ఊళ్ళో పుట్టాయి. పాల్ విల్బర్ క్లిప్ష్ రెండో ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా ఆ ఊరికి వచ్చి, అక్కడే ఉండిపోయి 1946లో కంపెనీ పెట్టారు. గది మూలలో ఆనించి పెట్టే క్లిప్ష్‌హార్న్ ఆయన మొదటి స్పీకర్. లా స్కాలా 1963లో వచ్చింది. విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ ఆర్కెన్సా గవర్నర్ పదవికి పోటీ చేసినప్పుడు సభల్లో వాడుకోవడానికి వీలుగా తయారైందది. 1964లో ఆయన ఓడిపోయారు, 1966లో గెలిచారు. అంటే ఈరోజు మనం హాల్లో పెట్టుకుని మురిసిపోతున్నది అచ్చంగా ఎన్నికల మైకు!

హోప్ అంటే బిల్ క్లింటన్ పుట్టిన ఊరు కూడా. 2000లో ఆయన హైదరాబాద్ వచ్చినప్పటి హడావిడి మనలో చాలామందికి గుర్తే. డాలస్ నుంచి హోప్‌కు ఐ-30 హైవే మీద మూడు గంటల పైచిలుకు ప్రయాణం. క్లిప్ష్ మ్యూజియం ఉంది, పిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు.

అమ్మేవాళ్ళ ఇంట్లో పది నిమిషాలే దొరికింది. ఏం చూసుకోవాలి?

మొదట వెనక లేబుళ్ళు. రెండింటి సీరియల్ నంబర్లు దగ్గర దగ్గరగా ఉంటే పుట్టినప్పటి నుంచీ జతే. తర్వాత అడుగు అంచులు. నీళ్ళు తగిలిన ప్లైవుడ్ పొరలు పుస్తకం పేజీల్లా విచ్చుకుంటాయి. వేలి గోటితో లాగి చూస్తే తెలిసిపోతుంది.

ఆ తర్వాత చిన్న ఆంప్లిఫయర్, ఫోన్‌తో పాట పెట్టించండి. శబ్దం బాగా తగ్గించి, పేపరును గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి, రెండో కొస ఒక్కో హార్న్ నోటికి పెట్టి వినండి. నా జతలో ఎడమ ట్వీటర్ పలకడం లేదని ఆదివారం పేపర్ గొట్టంతోనే పట్టుకున్నాను. 150 డాలర్లు తగ్గించారు.

కారులో పడతాయా? ఎంత బరువు?

ఒక్కోటి అటూ ఇటుగా 55 కేజీలు. ఎత్తు 90 సెంటీమీటర్లు, వెడల్పు, లోతు దాదాపు 60 చొప్పున. వెనక సీట్లు మడిస్తే మినీవ్యాన్‌లో రెండూ పడతాయి. సెడాన్‌తో వెళ్ళి పరువు పోగొట్టుకోకండి. హార్న్ పెదవులు పట్టుకుని ఎత్తొద్దు. ఇద్దరు మనుషులు, ఒక డాలీ (సామాన్లు తోసే చక్రాల బండి), రెండు పాత దుప్పట్లు ఉంటే చాలు.

క్లిప్ష్ కాకుండా పాత సినిమా హాలు హార్న్‌లు దొరికితే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ ఒక్క జాగ్రత్త. 1930ల నాటి థియేటర్ స్పీకర్లలో చాలావాటికి శాశ్వత అయస్కాంతం ఉండదు. కరెంటు ఇస్తేనే అయస్కాంతమయ్యే ఫీల్డ్ కాయిల్ ఉంటుంది. దానికి వేరే డీసీ సరఫరా కావాలి, ఆ వోల్టేజీ ప్రాణం తీసేంత ఉండొచ్చు. యూనిట్‌కు రెండు వైర్ల బదులు నాలుగు కనిపిస్తే తెలిసినవాళ్ళకు చూపించేదాకా ముట్టుకోకండి.

## ఇంటికి తెచ్చాక

ముందు ఏది విప్పాలి?

ఏదీ విప్పొద్దు. ఒక నెల వినండి. నేను నిజంగానే అంటున్నాను. కొత్తగా తెచ్చినవాళ్ళలో సగం మంది మొదటి శనివారమే అన్నీ ఊడదీసి, కొత్త కెపాసిటర్లు, కొత్త డయాఫ్రమ్‌లు (యూనిట్ లోపల కదిలే పొరలు), కొత్త వైర్లు వేసి, చివరికి ఏది మార్చడం వల్ల ఏ తేడా వచ్చిందో తెలియక తల పట్టుకుంటారు. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. కుడి స్పీకర్ ఏ పాటలో మందంగా ఉంది, ఎక్కడ జివ్వుమంది, రాసుకోండి. కుడి, ఎడమ స్థానాలు మార్చి మళ్ళీ వినండి. తేడా స్పీకర్‌తో పాటు కదిలితే లోపం స్పీకర్‌లో ఉంది. కదలకపోతే గదిలోనో ఆంప్లిఫయర్‌లోనో ఉంది.

లోపలంతా ఎలుక పెంటికలు. చీపురుతో ఊడ్చేయనా?

వద్దు. అమెరికాలో కొన్ని జాతుల ఎలుకల పెంటికల నుంచి హాంటావైరస్ సోకుతుంది, పొడిగా ఊడిస్తే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గరాజ్ తలుపు తెరిచి, గ్లవ్స్, మాస్కు వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్ళు చిలకరించి పది నిమిషాలు నాననిచ్చి, పేపర్ టవల్‌తో ఎత్తి కవరులో కట్టి పడేయండి. వూఫర్ కాగితపు కోన్ మీద, యూనిట్ల మీద మాత్రం నీళ్ళు పడనివ్వకండి. లా స్కాలా పై అర వెనకవైపు తెరిచే ఉంటుంది కాబట్టి చెత్తంతా అక్కడే చేరుతుంది. శుభ్రం చేశాక సన్న దోమతెర మేకు కొడితే మళ్ళీ రావు.

మల్టీమీటర్ స్పీకర్ టెర్మినల్‌కి పెడితే 3.5 ఓమ్‌లు చూపిస్తోంది. అంతా బాగున్నట్టేనా?

వూఫర్ బాగున్నట్టు, అంతే. మధ్య హార్న్‌కూ ట్వీటర్‌కూ ముందు కెపాసిటర్లు ఉంటాయి. అవి డీసీని దాటనివ్వవు కాబట్టి బయటి నుంచి కొలిస్తే ఆ రెండూ మీటరుకు కనపడవు.

ఒక్కో యూనిట్‌కు కనీసం ఒక వైరు విప్పి విడిగా కొలవాలి. కె-33-ఇ వూఫర్ మూడున్నర ఓమ్‌ల దగ్గర, కె-55-వి మధ్య యూనిట్ 10 దరిదాపుల్లో, కె-77 ట్వీటర్ 5-6 మధ్య ఉంటాయి. వైరు విప్పకుండా కొలిస్తే క్రాసోవర్‌లోని (స్వరాల్ని మూడు యూనిట్లకు పంచే సర్క్యూట్) కాయిల్ మీటరును మోసం చేసి దాదాపు సున్నా చూపిస్తుంది. నా మొదటి వారంలో అలాగే మంచి మిడ్ యూనిట్ షార్ట్ అయిందని ఒక రాత్రంతా దిగులుపడ్డాను. అంకె కచ్చితంగా ఎంతన్నది కాదు, కుడీ ఎడమా ఒకేలా ఉన్నాయా అన్నదే చూడండి.

## చెక్కపని

పైన మరకలు, గీతలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎప్పుడూ నీళ్ళతోనే. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఇసుక కాగితం అవసరమనుకున్న చోట చాలాసార్లు ఈ తుడుపుతోనే పని అయిపోతుంది. నా వాటి మీద నల్లగా పేరుకున్నది రంగు మాసిపోవడం అనుకున్నాను. అది నలభై ఏళ్ళ సిగరెట్ పొగ. గుడ్డ టీ డికాషన్ రంగుకొచ్చింది.

సాండింగ్ మెషిన్ వాడొచ్చా?

చేత్తో చేయండి. ఇవి ముప్పాతిక అంగుళం బర్చ్ ప్లైవుడ్ పెట్టెలు. పైకి గట్టిగా కనిపిస్తాయి గానీ పై పొర చాలా పల్చన. 80 నంబరు కాగితం పెట్టి మెషిన్ ఆన్ చేశాను, ఫోన్ మోగితే అటు తిరిగాను. తిరిగి చూస్తే అరచేయంత మేర కింది పొర, దాని జిగురు గీత కనపడుతున్నాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అటువైపు గోడకు తిప్పి పెట్టాను. 150తో మొదలుపెట్టి 220తో ఆపండి. చెక్క పీచు వాటంగానే రుద్దండి, అడ్డంగా కాదు.

మూల సొట్టపడింది. మట్టి పూసి నింపాలా?

పీచు తెగకుండా లోపలికి నొక్కుకుపోయిన సొట్టయితే ఇస్త్రీ పెట్టె చాలు. సొట్ట మీద తడిగుడ్డ పరిచి, వేడి ఇస్త్రీ పెట్టె కొసతో రెండు మూడు సెకన్లు తాకించి తీసేయండి. ఆవిరికి నలిగిన చెక్క ఉబ్బి పైకొస్తుంది. మూడు నాలుగుసార్లు చేస్తే సగానికి పైగా పూడుతుంది. ముక్కే ఊడిపోయి ఉంటే అప్పుడు వుడ్ ఫిల్లర్.

ప్లైవుడ్ అంచులు విచ్చుకున్నాయి. మళ్ళీ అతుక్కుంటాయా?

పూర్తిగా ఎండాకే ప్రయత్నించండి. రెండు వారాలు ఫ్యాన్ గాలికి ఉంచాలి. వుడ్ గ్లూలో కొద్దిగా నీళ్ళు కలిపి, సిరంజీతో పొరల మధ్యకు ఎక్కించి, రెండు వైపులా మైనపు కాగితం, చెక్క బద్దలు పెట్టి క్లాంప్ బిగించి ఒక రోజు వదిలేయండి. ఇండియాలో ఉంటే ఫెవికాల్ ఇదే పని చేస్తుంది. అడుగుపలక మెత్తబడి వేలికి దిగిపోతుంటే మాత్రం అతికించి లాభం లేదు, ఆ పలక మార్చాల్సిందే.

నూనె పూయాలా, వార్నిష్ వేయాలా?

వెనక లేబుల్ మీద బీఆర్ అక్షరాలుంటే ఫినిష్ లేని పచ్చి బర్చ్ అని అర్థం. దానికి డేనిష్ ఆయిల్ బాగా నప్పుతుంది. గుడ్డతో పూయడం, పావుగంట ఆగి తుడిచేయడం, రోజు విడిచి రోజు మూడు పూతలు.

ఇందులో అసలు ప్రమాదం గుడ్డలది. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. వాడిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే ఆ వేడి లోపలే పేరుకుని, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. మాట వరసకు చెప్పడం లేదు, ఇళ్ళు కాలిపోయాయి. గుడ్డల్ని బయట కాంక్రీట్ మీద విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.

పక్క పలకలు అదురుతున్నాయి. బద్దలు కొట్టనా?

ఆ అదురు నిజమే. బేస్ హార్న్ పక్క గోడలకు మధ్యలో ఆసరా లేదు. పెద్ద శబ్దంలో అరచేయి ఆనిస్తే పలక వణుకు తెలుస్తుంది. 2006లో వచ్చిన లా స్కాలా 2లో కంపెనీవాళ్ళే ఒక అంగుళం మందం పలకలు వాడారు. కొందరు పక్క గోడకూ మధ్య గూటికీ నడుమ ప్లైవుడ్ ఆసరా అతికిస్తారు, కొందరు బయట రెండో పలక వేస్తారు. నేనైతే చేయలేదు. ఇంట్లో వినే స్థాయిలో నాకు ఇబ్బంది అనిపించలేదు, జిగురు పెట్టిన పని వెనక్కి తీసుకోలేం. కావాలంటే ముందు ఒకవైపే క్లాంప్‌తో బిగించి, రెండో స్పీకర్‌తో పోల్చి విని అప్పుడు నిర్ణయించుకోండి.

## లోపలి యూనిట్లు

వూఫర్ ఎక్కడుంది? ముందు నుంచి కనిపించడం లేదు.

మధ్యలో గూడులా ఉన్న భాగం లోపల, వెనక్కి తిరిగి కూర్చుని ఉంటుంది. శబ్దం సన్నటి చీలిక గుండా వెనక్కి వెళ్ళి, రెండుగా చీలి, పక్కల నుంచి ముందుకొస్తుంది. పెట్టెను దుప్పటి మీద తలకిందులుగా పెడితే అడుగున మూత కనిపిస్తుంది. దాని స్క్రూలు తీస్తే వూఫర్ దొరుకుతుంది.

ఇక్కడ ఓపిక కావాలి. చెక్కలో దిగ్గొట్టిన నట్టు తుప్పుపట్టి బోల్టుతో పాటు తిరగడం మొదలుపెడితే ఇక రాదు. బలం పెట్టకుండా, చుక్క పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి గంటసేపు ఆగి, పావు చుట్టు బిగించి అర చుట్టు వదులు చేస్తూ తీయండి. వూఫర్ పనిచేస్తూ, శబ్దం శుభ్రంగా ఉంటే అసలు ఆ మూత తీయకపోవడమే మంచిది.

వూఫర్ అంచు ఫోమ్ పొడి అయిపోయి ఉంటుందా?

కె-33-ఇకి ఫోమ్ అంచు లేదు. మడతల గుడ్డ అంచు ఉంటుంది, అందుకే యాభై ఏళ్ళయినా నిలబడ్డాయి. కాగితపు కోన్‌కు చిన్న చిరుగు ఉంటే, కాఫీ ఫిల్టర్ ముక్కను నీళ్ళు కలిపిన తెల్ల జిగురులో తడిపి వెనకవైపు అతికించండి. టేపు వేయొద్దు.

మూత పెట్టాక బేస్ తగ్గిపోయింది. ఏం తప్పు చేశాను?

గాలి కారుతోంది. వూఫర్ వెనకున్న ఆ గూడు పూర్తిగా మూసి ఉండాలి. హార్న్ ముందు వైపు తోసే గాలికి లోపల బిగుతుగా ఉన్న గాలి దీటుగా నిలవాలి. మూత చుట్టూ ఉన్న పాత ఫోమ్ పట్టీ ఎండి నలిగిపోతుంది. తలుపులకు వేసే క్లోజ్డ్ సెల్ ఫోమ్ వెదర్ స్ట్రిప్ కొని, పాతది గీకి, మూలల్లో సందు లేకుండా అతికించండి. స్క్రూలు కారు టైరు నట్లలా ఎదురెదురుగా బిగించుకుంటూ రండి. ఫోన్‌లో 50 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టి అంచుల దగ్గర తడి వేలు తిప్పితే ఇంకా కారుతోందో లేదో తెలుస్తుంది. మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించింది ఆరు డాలర్ల ఈ పట్టీతోనే.

మధ్య లోహపు హార్న్ గిన్నెలా మోగుతోంది. మార్చాలా?

కె-400 పోత అల్యూమినియం హార్న్. వేలి మెటికతో కొడితే టంగ్‌మంటుంది. తర్వాతి కె-401 లోహం కాదు, అంత మోగదు. మార్చనక్కర్లేదు. కిటికీ సందుల్లో నొక్కే రోప్ కాల్క్ అని తాడులా, మైనంలా మెత్తగా ఉండే సరుకు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. హార్న్ బయటివైపు దాన్ని వరసలుగా నొక్కండి. టంగ్ పోయి టక్‌మనే దాకా చాలు. నచ్చకపోతే పీకేయొచ్చు. హార్న్ లోపలివైపు మాత్రం ఏమీ పూయకండి.

కె-55-వి పైకి పాతబడింది. డయాఫ్రమ్ కొత్తది వేయనా?

పలుకుతుంటే వదిలేయండి. ఇది మైక్ సెట్లకు డ్రైవర్ యూనిట్లు చేసే అట్లాస్ కంపెనీ సరుకు. ఫినాలిక్ పొర కాబట్టి వానకూ ఎండకూ సభల్లో బతకడానికే పుట్టింది. హార్న్ నుంచి మర తిప్పి విప్పి, గొంతులో చేరిన దుమ్ము, సాలెగూడు తీసి, గాస్కెట్ సరిగ్గా కూర్చునేలా మళ్ళీ బిగిస్తే సరిపోతుంది.

ట్వీటర్ మూగబోయింది. కొత్తదే కొనాలా?

ముందు క్రాసోవర్ చూడండి. 70ల నాటి ఏఏ రకంలో ట్వీటర్‌ను కాపాడటానికి రెండు జీనర్ డయోడ్‌లు ఎదురెదురుగా పెట్టారు. అవి షార్ట్ అయితే ట్వీటర్ బతికే ఉన్నా పలకదు. వాటి ఒక కాలు విప్పి, శబ్దం బాగా తగ్గించి వినండి. అయినా పలకకపోతే, విడిగా కొలిచినప్పుడు మీటరు కదలకపోతే డయాఫ్రమ్ తీగ తెగినట్టే.

కె-77 అంటే ఎలక్ట్రోవాయిస్ టి-35కి క్లిప్ష్ పెట్టుకున్న పేరు. సరిపోయే డయాఫ్రమ్‌లు దొరుకుతాయి. గుండ్రటి ఆల్నికో అయస్కాంతం ఉన్న పాతదైతే సుత్తి దెబ్బలు, కింద పడటాలు లేకుండా చూసుకోండి. ఆ అయస్కాంతాన్ని ఊడదీస్తే బలం తగ్గిపోతుంది.

ఒక సంగతి. నాది ఒక రిపేరు షాపుకిస్తే పలికించి ఇచ్చారు గానీ తీగలు తారుమారు చేశారు. రెండు నెలల పాటు గాయకుడి గొంతు మధ్యలో నిలబడక, చిరుగజ్జెల చప్పుడు గదంతా తిరుగుతుంటే నా చెవులే పాడయ్యాయనుకున్నాను. ఎవరు చేసిచ్చినా, రెండు స్పీకర్లనూ పక్కపక్కన పెట్టి మోనోలో విని పోల్చుకోండి.

## క్రాసోవర్

పాత కెపాసిటర్లు మార్చాలా వద్దా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

నా మాట: నలభై ఏళ్ళు దాటితే మార్చండి. లోపల వేరేది దేన్నీ ముట్టుకోకపోయినా ఇది చేయండి. పాత నూనె డబ్బా కెపాసిటర్లు మీటరులో విలువ సరిగ్గానే చూపించొచ్చు. వాటి లోపలి నిరోధం పెరిగిపోయి ఉంటుంది, పై స్వరాలు మసకబారుతాయి. మల్టీమీటర్‌లో ఇది కనపడదు, ఈఎస్ఆర్ (ఆ లోపలి నిరోధం) చూపించే ఎల్‌సీఆర్ మీటరు కావాలి.

ఏఏ రకానికి ఒక్కో స్పీకర్‌కు 13 మైక్రోఫారడ్ ఒకటి, 2 మైక్రోఫారడ్‌వి రెండు. 13 దొరక్కపోతే 10, 3 పక్కపక్కన కలపండి, విలువలు కూడుకుంటాయి. మామూలు పాలీప్రొపిలీన్ చాలు. ఒక్కో కెపాసిటర్‌కు వంద డాలర్లు పెట్టమని చెప్పేవాళ్ళు ఉంటారు. ఆ డబ్బుతో రికార్డులు కొనుక్కోండి. విప్పేముందు నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు మీద పేరు రాయండి. ఒకసారి ఒక స్పీకరే చేయండి, రెండోది చూసి రాసుకోవడానికి పనికొస్తుంది.

ఆ పాత డబ్బాల్లో విషం ఉంటుందట, నిజమేనా?

ఉండొచ్చు. అమెరికాలో పీసీబీ అనే రసాయనం తయారీని 1979లో నిషేధించారు. అంతకుముందు వచ్చిన నూనె కెపాసిటర్లలో అది వాడేవాళ్ళు. డబ్బా మీద పీసీబీ లేదని రాసి లేకపోతే ఉందనే అనుకోండి. కారకుండా ఉన్న డబ్బాను పట్టుకుంటే ఏం కాదు, కోయొద్దు, గుచ్చొద్దు. జిడ్డు కారి ఉంటే నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, రెండు జిప్ కవర్లలో పెట్టి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సెంటర్‌లో ఇవ్వండి. వంటగది బల్ల మీద ఈ పని పెట్టుకోకండి.

మధ్య స్వరాలు గట్టిగా ఉన్నాయి. ఆటోఫార్మర్ ట్యాప్ మారిస్తే తగ్గుతాయట?

తగ్గుతాయి. ఆటోఫార్మర్ అంటే మధ్య యూనిట్ శబ్దాన్ని మెట్లు మెట్లుగా తగ్గించే కాయిల్, ఆ మెట్లే ట్యాప్‌లు. టి2ఏ రకంలో ఒక్కో మెట్టుకు 3 డెసిబెల్. కాకపోతే ఒక మెట్టు దిగితే మధ్య యూనిట్ క్రాసోవర్‌కు రెండింతల ఓమ్‌లుగా కనిపిస్తుంది. ముందున్న 13 మైక్రోఫారడ్ అలాగే ఉంటే, 400 హెర్ట్జ్ దగ్గర జరగాల్సిన విభజన దాదాపు 200కు దిగిపోతుంది. వూఫర్, మిడ్ ఒకదాని మీద ఒకటి పాడుతాయి. మెట్టు దింపితే కెపాసిటర్ విలువ కూడా సగానికి తగ్గించాలి. అంతకంటే ముందు నేల మీద ఒక తివాచీ వేసి చూడండి. టైల్స్ గదుల్లో గట్టిదనం చాలావరకు గదిదే.

## బిగించాక, వినేటప్పుడు

ఎన్ని వాట్‌ల ఆంప్లిఫయర్ కావాలి?

అయిదు మంచి వాట్‌లు. 8 వాట్‌ల వాల్వ్ ఆంప్లిఫయర్‌తో నా హాలు నిండిపోతుంది. చిక్కేమిటంటే, ఇంత సున్నితమైన స్పీకర్లు ఆంప్లిఫయర్ లోపాల్నీ అంతే శ్రద్ధగా వినిపిస్తాయి. వేరే స్పీకర్లలో వినపడని సన్న హుంకారం, బుస ఇక్కడ సోఫా దాకా వస్తాయి. వాట్‌లు కాదు, నిశ్శబ్దం చూసి కొనండి. పాత వాల్వ్ సెట్టు మూత మాత్రం అనుభవం లేకుండా తీయొద్దు. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి.

ఇంత పెద్ద పెట్టె, మరి బేస్ కిందికి దిగదేం?

50 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. దాన్ని మోయాలంటే హార్న్ పొడుగ్గా, నోరు చాలా వెడల్పుగా ఉండాలి. క్లిప్ష్‌హార్న్ గది మూల గోడల్నే తన హార్న్ నోరుగా వాడుకుంటుంది. ఎక్కడైనా పెట్టుకునేలా చేసిన లా స్కాలాకు ఆ వీలు లేదు, 50 దగ్గర్లోనే దిగడం ఆగిపోతుంది. మూలలకు జరిపితే కొంత పుంజుకుంటుంది. డోలు దెబ్బ చురుగ్గా తగులుతుంది, సినిమా భూకంపాలు రావు. అవి కావాలంటే సబ్ వూఫర్ పెట్టి 60 హెర్ట్జ్ కింద దానికి అప్పగించండి.

పాత తెలుగు పాటలు వీటిలో ఎలా ఉంటాయి?

నన్నడిగితే వాటికోసమే తెచ్చుకోవాలి. ఆ కాలపు మోనో రికార్డింగుల్లో ఉన్నదంతా గొంతులోనే ఉంది, వీటి బలమూ అక్కడే. ఘంటసాల గారు చరణం ఎత్తుకునే ముందు తీసుకునే ఊపిరి వినపడుతుంది. షేక్ చినమౌలానా గారి నాదస్వరం పెట్టినప్పుడు మా నాన్నగారు వంటింట్లోంచి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయారు. నాదస్వరం కూడా హార్నే కదా. బాగా అణిచి గట్టిగా మాస్టర్ చేసిన ఇప్పటి సినిమా పాటలు మాత్రం అరగంటకే అలసట తెప్పిస్తాయి.

ఇండియా తిరిగి వెళ్తున్నాను. తీసుకెళ్ళొచ్చా? 230 వోల్టులకు పనిచేస్తాయా?

స్పీకర్లకు గోడ కరెంటుతో సంబంధమే లేదు. ఆంప్లిఫయర్‌కే ఉంది, దాన్ని మార్చుకోవాలి. ప్యాకింగ్‌కు ముందు కె-55-విని హార్న్ నుంచి విప్పి విడిగా చుట్టండి. ఓడ కుదుపుల్లో ఆ బరువంతా హార్న్ మెడ మీద పడుతుంది. విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళలో కాగితపు కోన్‌కు బూజు పట్టొచ్చు. గోడకు జానెడు ఎడం ఉంచి, వారానికి రెండు రోజులైనా మోగించండి. చెదలున్న ఇంట్లో పెట్టె కింద రబ్బరు పాదాలు తప్పనిసరి.

పిల్లలున్న ఇల్లు. ప్రమాదమా?

బరువు పెట్టెలు, ఎక్కి ఆడితే తప్ప పడవు. అసలు భయం శబ్దంతోనే. వక్రీకరణ లేకుండా మోగుతాయి కాబట్టి ఎంత గట్టిగా ఉందో మనకు తెలియదు. ఫోన్‌లో శబ్దం కొలిచే ఆప్ పెట్టుకుని సోఫా దగ్గర 80 దాటకుండా చూసుకోండి. మా చిన్నవాడు బేస్ హార్న్ నోట్లో బొమ్మ కార్లు దాస్తాడు. మీ స్పీకర్ ఎప్పుడైనా గలగలమంటే స్క్రూడ్రైవర్ తీసేముందు టార్చ్‌లైట్ వేసి చూడండి.